ముఖం కడిగిన వరికంకి

పంటి కింద వడ్లగింజ నలిగి, దానితోపాటు సన్నని బొగ్గుపొడి కరకరలాడితే చాలు, నాకు లచ్చవ్వ గుర్తొస్తుంది. ఇవాళ పొద్దున కూడా అంతే. కోత మిషన్ గట్టు పక్కన ఆపి, కంకి తెంపి గింజ కొరికానో లేదో, ఆమె గొంతు చెవిలో మొదలైంది. గోదావరిఖని చుట్టుపక్కల పల్లెల్లో వరికోత మిషన్ నడపడం నా పని. ఏడో తరగతిలో బడి మానేశాను. బడి కూడా నన్ను వెతుక్కుంటూ రాలేదు. ఆ తర్వాత నాకు అబ్బిన చదువులో సగం లచ్చవ్వ పొలం గట్టు మీదే జరిగింది.

లచ్చవ్వది మా పక్కిల్లు. బొగ్గుబాయిలో పనిచేసిన భర్త పోయాక ఆమెకు మిగిలినవి రెండు: రోడ్డు పక్కన కాస్త పొలం, ఊరందరికీ సరిపోయే నోరు. ఆ రోడ్డు మీదే బొగ్గు టిప్పర్లు తిరుగుతాయి. దుమ్ము పడిపడి పచ్చి కంకి కూడా ముదిరి మాడినట్టు కనిపిస్తుంది. వేరే ఊళ్లలో రంగు చూసి కోత రోజు చెప్తారు. మా దగ్గర రంగును నమ్మినవాడు ఇంటికి తాలు తెచ్చుకుంటాడు.

అందుకే లచ్చవ్వ నీళ్లసీసా పట్టుకొని పొలానికి పోయేది. కంకిని అరచేతిలో పెట్టుకొని, పసిపిల్లకు ముఖం కడిగినట్టు కడిగేది. ఆ తర్వాతే రంగు చూసేది, గింజ కొరికేది.

"ఏందవ్వా, వరికి తానం చేపిస్తున్నవు? సబ్బు తేవాల్నా?" అని మొదటిసారి చూసినప్పుడు నవ్వాను.

"నవ్వురా పిలగా. లగ్గమైన కొత్తల, షిఫ్టు దిగే యాళ్లకు మీ తాతకు సద్ది తీస్కపోయిన. అందరి ముఖాలు ఒక్క తీరే నల్లగున్నయి. ఈయనే అనుకొని ఒకనికి డబ్బా ఇచ్చిన. మొత్తం తిన్నడు. తిన్నంక నల్లా కాడ ముఖం కడుక్కున్నడు. చూస్తే ఎవడో పరాయోడు!"

"మరి తాతేమన్నడు?"

"పక్కనే ఆకలితోని నిలబడ్డడు. 'కూర మంచిగున్నదా తమ్మీ?' అని వాన్ని అడిగిండు. అప్పటిసంది ముఖం కడగంది నేను ఎవ్వల్ని నమ్మ."

ఒక ఏడాది సరిగ్గా కోతల వేళ మబ్బు పట్టింది. ఊరంతా నా మిషన్ వెంట పడింది. పక్క పొలం రాజయ్య కాకది. అది కోసేసి లచ్చవ్వ గట్టు దగ్గరికి వచ్చాను. ఆమెకు ఏడాది తిండి ఆ వడ్లే. గట్టి వాన పడితే పైరు నేలకొరుగుతుంది. మా అందరి కళ్లకూ ఆ పొలం పండిపోయే ఉంది.

"అవ్వా, మొగులు చూడు! ఇంకేం కడుగుతవు, కోపియ్యి!" అని రాజయ్య కాక అరిచాడు.

ఆమె తీరిగ్గా కంకి కడిగింది, గింజ కొరికింది, కొరికిన ముక్కను నా అరచేతిలో ఉమ్మింది. లోపల ఇంకా మెత్తటి పిండి.

"దీనికి ఒళ్లు గట్టిపడలేదురా. కొయ్యొద్దు."

"వానకు పడిపోతే ఏం తింటవవ్వా?" ఈసారి నాకు నవ్వు రాలేదు.

"నీ బుర్ర తింట. మిషన్ తీస్కపో."

పోయాను. సాయంత్రం వాన దంచింది. కల్లంలో రాజయ్య కాక వడ్లు తడిశాయి, వాటి మీద టార్పాలిన్ కప్పబోయి ఆయనా తడిశాడు. తెల్లారగానే నేను పరుగెత్తాను, ఏడుస్తున్న ముసలామెను ఎలా ఓదార్చాలా అనుకుంటూ. కాడ ఇంకా పచ్చిగా, గట్టిగా ఉన్నందుకేమో, పొలం నిలబడే ఉంది. దుమ్మంతా కొట్టుకుపోయి, నిన్నటి ముదురు పొలం కాస్తా లేత పసుపులో ఆకుపచ్చ కలిసి మెరుస్తోంది.

లచ్చవ్వ గట్టు మీద కూర్చొని వేపపుల్ల నములుతోంది. "నేను ఒక్క కంకి కడిగితే నవ్వినవు. ఇగో, దేవుడు పొలం మొత్తం కడిగిండు. పోయి ఆయనకు సబ్బియ్యి పో."

ఎండలు కాసి గింజ గట్టిపడ్డాక మిషన్ మళ్లించుకొచ్చి కోశాను. కొత్త బియ్యం అన్నానికి రాజయ్య కాకను పిలిచింది. పీట ముందు ఆయన్ను ఆపి మరీ అంది, "ముందుగాల ముఖం కడుక్కరా రాజన్నా. నాకు ఒకపారి అనుభవమైంది."

ఆమె పోయి కొన్నేళ్లయింది. నా మిషన్‌లో ఇప్పటికీ రెండు సీసాలుంటాయి. ఒకటి నాకు, ఒకటి వరికి. ఎవరి గురించైనా నలుగురూ ఒకే మాట అంటుంటే, నా చెయ్యి దానంతటదే రెండో సీసా కోసం వెతుకుతుంది.

ఇవాళ బొగ్గుపొడి పంటికి తగిలాక, ఇంకో కంకి తెంపి నీళ్లు పోస్తుంటే ఆ పొలం రైతు విసుక్కున్నాడు: "ఏంది తమ్మీ, జల్ది కొయ్యక పెండ్లిపిల్లను చూసినట్టు చూస్తున్నవు?"

"ఆగే అన్నా," అన్నాను. "ఇప్పుడే డ్యూటీ దిగింది. ముఖం కడగనీ, ఎవలో చూద్దాం."