నడుం పట్టు

డాక్టరమ్మ అడిగింది మా ఆవిడను, జవాబు చెప్పింది నేను. నా తెలివితక్కువతనమంతా అందులోనే ఉంది. తెలుగు పంతుల్ని కదా, ప్రశ్న వినబడితే చాలు, నోరు తెరుచుకుంటుంది. మొన్న బోధన్ నుంచి మా తోడల్లుడు ఫోన్ చేసి, "తమ్మీ, మీ వదినకు నొప్పులు మొదలైనయ్. నిజామాబాద్ తీస్కొస్తున్న, దవాఖాన కాడికి రా" అనగానే మా అమ్మాయి పుట్టిన రోజు మళ్లీ కళ్లముందుకొచ్చింది.

వెన్నులో మత్తు సూది వేస్తే నొప్పి తగ్గుతుంది, కావాలా అన్నది ప్రశ్న. "వద్దమ్మా" అన్నాను. "సూదేస్తే బతికినన్ని రోజులు నడుం గుంజుతది. మొగోనివి, లోపట నీకేం పని?" అని ముందే బోధించినవాడు ఈ తోడల్లుడే. బోధన్ వాడు బోధించక మానడు. ఆయన మాటను తోడు తెచ్చుకున్నాను గానీ, తోడుండాల్సింది నేనన్న సంగతి మరిచాను.

నొప్పులు ముదిరాయి. మంచం కమ్మీ పట్టుకుని ఆమె వణికిపోతోంది. నేను దూరంగా నిలబడి "ఓపిక పట్టు" అంటున్నాను.

"ఓపిక నువ్వు పట్టు! నా నడుం పట్టు జర!" అని అరిచింది. "సూది వద్దనెటందుకు నువ్వెవలు? నొప్పి నీకొస్తుందా? డాక్టరమ్మను పిలువు!"

పరుగెత్తాను. మత్తు డాక్టరు ఇంకెక్కడో ఆపరేషన్లో ఉన్నాడట. ఆయన వచ్చేలోగా కాన్పు దగ్గరపడితే సూదికి సమయం ఉండదంది డాక్టరమ్మ. తిరిగొచ్చి రెండు అరచేతులూ ఆమె నడుం మీద ఆనించి నొక్కాను.

"కిందికి... గట్టిగ... ఇడువకు."

ప్రతి నొప్పికీ ఇద్దరం ఊపిరి బిగబట్టాం. తలుపు కదిలింది. ఆయమ్మ. మళ్లీ కదిలింది. నర్సు. మూడోసారి మత్తు డాక్టరే. ఆమెను కూర్చోబెట్టి, కదలకుండా వంగమన్నాడు. ఆమె నుదురు నా భుజానికి ఆనింది.

"కదలొద్దన్నది మీక్కూడా సార్" అన్నాడు. వణుకుతున్నది నేనే.

సూది పడిన కాసేపటికి ఆమె పిడికిలి వదులైంది. "ఇగ మాట్లాడకుంట కూసో" అని కళ్లు మూసుకుంది. సాయంత్రానికి అమ్మాయి పుట్టింది. ఆమె నడుం ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. పోయింది నా పరువొక్కటే.

మొన్న తోడల్లుడు కాన్పు గది బయట వరండాలో కుర్చీకి అతుక్కుపోయాడు. "నేనీడనే కూసుంట. సూది గీది అంటున్నరు, నువ్వు మాట్లాడు తమ్మీ."

"నన్నెందుకడుగుతవ్ అన్నా? వదిననడుగు" అని రెక్క పట్టి లేపి, లోపలికి నెట్టి, తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను. బయట కూర్చున్నవాడికి కాలం గంటల్లో గడుస్తుంది. లోపల ఉన్నవాడికి ఒక్కో నొప్పిగా గడుస్తుంది.

"సూది కావాల్నని చెప్పు! చెప్పి, వచ్చి నా నడుం పట్టు!" అని వదిన గొంతు వినబడేదాకా నేను తలుపు వదల్లేదు.