సభకు ముందే రాసిన మినిట్స్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జనవరిలో నన్ను పరీక్షల విభాగం నుంచి అకడమిక్ విభాగానికి డిప్యూటీ రిజిస్ట్రారుగా బదిలీ చేశారు. మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో ఉన్న ఆ విశ్వవిద్యాలయం పేరు రాయడం లేదు. నాకు ఉద్యోగ విరమణ రెండేళ్ళలోపే ఉంది. అకడమిక్ విభాగంలో గొడవలుండవు, హాయిగా దిగిపోవచ్చు అని తోటివాళ్ళు అభినందించారు. పరీక్షల విభాగంలో ఏడేళ్ళు ఫోన్లు ఎత్తిన దాన్ని కనుక నేనూ నమ్మాను.

విశ్వవిద్యాలయాన్ని వైస్ ఛాన్సలరు నడుపుతారని బయటివాళ్ళు అనుకుంటారు. చట్టం అలా అనదు. ఉద్యోగాలు, భవనాలు, నిధులు పాలకమండలి చూస్తుంది. ఏ చదువు చెప్పాలి, ఏ కోర్సు తెరవాలి, ఏది మూయాలి అనేవి అకడమిక్ సెనేట్ చేతిలో ఉంటాయి. డీన్‌లు, కళాశాలల ప్రిన్సిపాళ్ళు, అధ్యాపకులు ఎన్నుకున్న కొందరు అందులో సభ్యులు. ఏడాదికి రెండుసార్లు కూర్చుంటారు. వైస్ ఛాన్సలరు అధ్యక్షుడు, రిజిస్ట్రారు కార్యదర్శి. కార్యదర్శి చేయాల్సిన పని డిప్యూటీ రిజిస్ట్రారు చేస్తుంది. అజెండా తయారు చేయడం, హాజరు పట్టీలో సంతకాలు తీసుకోవడం, సభ ఏమి నిర్ణయించిందో మినిట్స్‌గా రాసి కళాశాలలకు పంపడం ఆ పనిలోని భాగాలు.

మా విభాగంలో మినిట్స్ సభకు ముందే రాసేవాళ్ళు. ఇందులో దురుద్దేశం లేదు. ప్రతి అంశం కింద 'సభ చర్చించి ఆమోదించింది' అని అజెండాతో పాటే టైపు చేసి ఉంచేవాళ్ళు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత మా ఆఫీసు చూసే పుట్టి ఉంటుంది. అయితే న్యాయంగా చెప్పాలంటే, మా దగ్గర ఎప్పుడూ సోమలింగమే పుట్టేవాడు. విభాగం సూపరింటెండెంటు నాగరాజప్ప ఇరవై రెండేళ్ళుగా అక్కడే ఉన్నాడు. సెనేట్ కాదన్న అంశం ఒక్కటైనా ఉందా అని చేరిన కొత్తలో అడిగాను. "కాదనేదానికి అజెండా సదివుండల్ల కదా మ్యాడమ్" అన్నాడు.

నా మొదటి సభ మార్చిలో జరిగింది. పందొమ్మిది అంశాలు. పద్నాలుగోది కుప్పం కళాశాలలో పట్టుపురుగుల పెంపకం డిగ్రీ కోర్సును చేరేవాళ్ళు తగ్గినందువల్ల ఆ ఏడాది నుంచే మూసివేయడం. సభకు ముందురోజు నాగరాజప్ప మినిట్స్ తెచ్చి నా ముందు పెట్టాడు. రిజిస్ట్రారు తరఫున సంతకం చేశాను. సభ రోజు భోజనాల వేళకు అన్ని కళాశాలలకూ మెయిల్ వెళ్ళిపోవాలని కూడా నేనే చెప్పాను. అదే రోజు మినిట్స్ అందించే విశ్వవిద్యాలయం రాష్ట్రంలో మాది ఒక్కటేనని నాగరాజప్ప గర్వంగా చెప్పేవాడు. ఎందుకు ఒక్కటే అయిందో నేను ఆలోచించలేదు.

పదమూడు అంశాలు ఇరవై నిమిషాల్లో అయ్యాయి. పద్నాలుగోది చదివాను. పుంగనూరు కళాశాలలో ఎకనామిక్స్ చెప్పే రెడ్డెప్ప గారు లేచి నిలబడ్డారు. ఆయన ఆరేళ్ళుగా సభ్యుడు. బాత్రూముకు పోవడానికి లేచారనుకుని వైస్ ఛాన్సలరు దారి చూపించబోయారు.

"పిల్లోళ్ళు చేరలేదని మూస్తాండారు సార్. పోయిన నెల నేను ఆడికి పరీక్షల డ్యూటీకి పోయి సూసినా. రెండేండ్లుగా పాఠం చెప్పే అయ్యవారు లేడు. పురుగులు మేపే షెడ్డుకి రేకులు లేవు. అయ్యవారిని ఇయ్యకుండా పిల్లోళ్ళు రాలేదంటే యాడ న్యాయం? ఆ సుట్టుపక్కల మల్బరీ తోట లేని ఊరు యాడుండాది?" అన్నారు.

సభ్యుడు మాట్లాడితే ఏమి చేయాలని నియమాల పుస్తకంలో ఉందో వైస్ ఛాన్సలరు నన్ను అడిగారు. ఓటుకు పెట్టవచ్చని చెప్పాను. చేతులెత్తమన్నారు. అంశం వీగిపోయింది. కోర్సు ఉంటుందని వైస్ ఛాన్సలరు ప్రకటించి పదిహేనో అంశానికి పోయారు. భోజనంలో పూర్ణాలు పెట్టారు. నేను రెండు తిని, రెడ్డెప్ప గారిని మెచ్చుకుని, ఇంటికి వెళ్ళిపోయాను. సంతకం చేసిన కాగితం సంగతి నాకు గుర్తు రాలేదు. ఇంత సిగ్గుపడాల్సిన వాక్యం నేను ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

మే నెల చివర ఒక మధ్యాహ్నం కుప్పం పక్క పల్లె నుంచి తల్లీకూతుళ్ళు నా గదికి వచ్చారు. అమ్మాయి పేరు శశికళ, ఇంటర్ పాసైంది. తల్లి కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఈ పాప సదివితే పురుగుల సదువే సదవల్లంటాది మ్యాడమ్. మాకు రెండు పంటలు సచ్చిపోయినాయి. యాల సచ్చిపోతాండాయో నేర్సుకోవల్లని దీనికి. కాలేజీలో అడిగితే మదనపల్లెలో మూసేసినారు పొమ్మన్యారు. మీరు యాల మూసేసినారమ్మా?"

మేము మూయలేదని చెప్పాను. అమ్మాయి ఫోను తెరిచి, కళాశాల నోటీసు బోర్డు మీద అంటించిన కాగితం ఫోటో చూపించింది. పద్నాలుగో అంశం, సభ చర్చించి ఆమోదించింది, కింద నా సంతకం.

ప్రవేశాలకు ఇంకా పన్నెండు రోజులే గడువు. ఈ కోర్సు లేకపోతే ఏం చేస్తావని శశికళను అడిగాను. "గార్మెంట్ కంపెనీ బస్సు ఊర్లోకే వస్తాది మ్యాడమ్. నాయన మాట్లాడి పెట్టినాడు. ఒగసారి ఎక్కినోళ్ళు మల్లా కాలేజీకి వచ్చింది నేనైతే సూడలేదు" అంది. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

కుప్పం ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేశాను. మార్చి సభకు ఆయన సెలవులో ఉండి రాలేదు. మినిట్స్ వచ్చిన రోజే కోర్సును ప్రవేశాల జాబితా నుంచి తీసేశానని, ఆజ్ఞ అందిన రోజే అమలు చేయడం తన అలవాటని చెప్పారు. రెడ్డెప్ప గారికి చేస్తే, "మినిట్స్ ఎవరైనా సదువుతారా మ్యాడమ్?" అని ఆశ్చర్యపోయారు.

ఫైలు పట్టుకుని రిజిస్ట్రారు దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు. మినిట్స్ తప్పయితే తర్వాతి సభలో సవరించుకోవచ్చని నియమం చూపించారు. తర్వాతి సభ సెప్టెంబరులో. కోర్సు వచ్చే ఏడాది తెరుచుకుంటుంది కదా అన్నారు. అమ్మాయి సంగతి చెప్పాను. అప్పుడు అసలు మాట చెప్పారు. తప్పు ఎలా జరిగిందో ఫైలులో రాస్తే సభకు ముందే మినిట్స్ రాస్తామని ఒప్పుకున్నట్టవుతుంది. ఇరవై ఏళ్ళ తీర్మానాలన్నిటినీ ఎవరైనా కోర్టులో అడగవచ్చు. నీకు విరమణ దగ్గర్లో ఉంది, సర్వీసు రిజిస్టరులో ఇంతవరకు మచ్చ లేదు, ఆలోచించుకో అన్నారు.

ఆ సాయంత్రమంతా ఆలోచించాను. భయం వేసిందని దాచను. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నా మీద ఒక్క మెమో లేదు, ఆ సంగతి చుట్టాలకు కూడా చెప్పుకునేదాన్ని. మర్నాడు నాలుగు వాక్యాల నోటు రాసి పెట్టాను. మినిట్స్ సభకు ముందురోజు తయారయ్యాయి, సంతకం నాది, పంపమన్నది నేను, సభ నిర్ణయం అందుకు వ్యతిరేకం. నాగరాజప్ప పేరు అందులో రాయలేదు. టైపు చేసింది ఆయనే అయినా సభ జరగకముందే సంతకం పెట్టమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. నోటు చూసి ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. "ఇంతకాలం ఎవరికీ రాని కష్టం మీకే యాల వచ్చె మ్యాడమ్" అని మూడో రోజు మాత్రం టీ తెప్పించాడు.

నోటు వైస్ ఛాన్సలరు దగ్గరికి పోయింది. ఆయన తనకున్న అత్యవసర అధికారంతో కోర్సు తెరిపించవచ్చు. కానీ ఒప్పుకోలేదు. సెనేట్ ఏమందో సెనేటే చెప్పాలి, తాను చెప్పకూడదు అన్నారు. ఏడు రోజుల నోటీసుతో ప్రత్యేక సభ పిలిచాం. గడువుకు మూడు రోజుల ముందు పడింది. సభ్యుల్లో మూడో వంతు వస్తే కోరం. కలికిరి, కలకడ దాకా అందరికీ నేనే స్వయంగా ఫోన్ చేశాను. ఒక డీన్ గారు భోజనం ఉంటుందా అని అడిగారు. ఉంటుందని చెప్పాను.

కోరానికి పైన నలుగురు వచ్చారు. మార్చిలో ఈ అంశాన్ని ఆమోదించారా, తిరస్కరించారా అని వైస్ ఛాన్సలరు అడిగారు. అక్కడ నేను ఊహించనిది జరిగింది. ఒక ప్రిన్సిపాల్ లేచి, మినిట్స్‌లో ఆమోదించినట్టు ఉంది కనుక ఆమోదించే ఉంటామని చెప్పారు. ఇద్దరు ముగ్గురు తలలూపారు. ఇంకొకాయన, "చెయ్యెత్తింది గ్యాపకం ఉండాది సార్, దేనికెత్తినానో గ్యాపకం లేదు" అన్నారు. సభలో రాసుకున్న నోట్సు ఉంటే చూపించమని నన్ను అడిగారు. నోట్సు లేవు. మినిట్స్ ముందే ఉన్నప్పుడు నోట్సు ఎవరు రాసుకుంటారు? ఆ మాట అందరి ముందూ పైకి చెప్పాల్సి వచ్చింది. వెనక కూర్చున్నవాళ్ళు వినపడలేదని రెండోసారి చెప్పమన్నారు. చెప్పాను.

చివరికి వైస్ ఛాన్సలరు గుర్తున్నవి పక్కన పెట్టి అంశాన్ని కొత్తగా చర్చకు పెట్టారు. రెడ్డెప్ప గారు మళ్ళీ మాట్లాడారు, ఈసారి ఇంకా పొడుగ్గా. అజెండా చదివి వచ్చిన ఇద్దరు ఆయనతో వాదించారు కూడా. గంటన్నర గడిచాక చేతులెత్తారు. రెండు చేతుల తేడాతో కోర్సు నిలిచింది. అయ్యవారిని నియమించాలని పాలకమండలికి సిఫారసు చేశారు. నాకు తెలిసినంతవరకు ఆ సిఫారసు పరిశీలనలో ఉంది.

శశికళతో కలిపి ఏడుగురు చేరారు. ఇరవై ఏళ్ళ తీర్మానాలను ఎవరూ కోర్టులో అడగలేదు. వాటిని చదివినవాళ్ళు లేకపోవడమే కారణమని నా అభిప్రాయం. నాకు అభిశంసన పత్రం ఇచ్చి, సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో నమోదు చేశారు. అది న్యాయమే.

ఈ సంగతి వల్ల నేను నేర్చుకున్నది చెబుతాను. సెనేట్‌కు చట్టం ఇచ్చిన అధికారాన్ని ఎవరో పైనుంచి లాక్కుంటారని మాట్లాడుతుంటారు. మా దగ్గర ఎవరూ లాక్కోలేదు. వాళ్ళు మాట్లాడరని నమ్మి, మా పని సులువు చేసుకోవడానికి మేమే ముందు రాసి పెట్టాం. మేము రాసిందే తాము అన్నామని వాళ్ళు నమ్మారు. నష్టం మాత్రం ఆ గదిలో లేని మనిషికి వచ్చింది.

నేను దిగిపోయేలోపు ఇంకో మూడు సభలు జరిగాయి. మూడింటికీ తెల్లకాగితాలే పట్టుకుపోయాను. రెండింటిలో ఎవరూ ఏమీ మాట్లాడలేదు. అంశాల వారీగా, ఎవరూ ఏమీ మాట్లాడలేదని రాశాను.