గింజ లేని రాయి చప్పుడు

నా పేరు ఓబులమ్మ. వయసు డెబ్భై దాటిందో, దాటబోతోందో, చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు లేరు. ఎర్రగుంట్లకు రెండు కోసుల దూరంలో, బండల గనుల పక్కనున్న ఊరు మాది. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, ఒకే పొయ్యి. నాకు అక్షరం రాదు. మా గ్రంథాలయం సుబ్బన్న నెలకోసారి చేత్తో రాసి ఊళ్లో తిప్పే పత్రిక కోసం నేను చెబుతుంటే అతను రాస్తున్నాడు. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

మా బడి అయివారు పోయి నేటికి ఇరవై రోజులు. పంచాయతీ రేడియో తాళంచెవి కూడా ఆయన దగ్గరే ఉండేది కాబట్టి రేడియో అయివారు అనేవాళ్లం. రెండేళ్లుగా ఆయాసంతో అల్లాడిన మనిషి, మధ్యాహ్నం మజ్జిగ తాగి పడుకుని మళ్లీ లేవలేదు. కబురు వచ్చినప్పుడు నేను కళ్లం ఊడుస్తున్నాను. ఏడ్చాను. దాచడమెందుకు, ఏడుస్తూనే ఇంకొకటి కూడా అనుకున్నాను. నా తరఫున సాక్ష్యం చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి పోయాడే అని.

ఏమి సాక్ష్యమంటే, రేడియోలో బేస్తవారం సాయంత్రం వచ్చే చప్పుళ్ల పోటీ సంగతి చెప్పాలి. ఏదో ఒక చప్పుడు వినిపిస్తారు. అదేమిటో కార్డు రాసి పంపాలి. సరిగ్గా చెప్పినవాళ్ల పేరు, ఊరు తర్వాత చదువుతారు. అంతే బహుమానం. మొదలైనప్పటి నుంచి నేను ఒక్క వారం తప్పలేదు. చిన్న కోడలికి నొప్పులు వచ్చిన రోజు కూడా మంత్రసానికి అప్పగించి, పోటీ విని, బిడ్డ పుట్టే వేళకు ఇంట్లో ఉన్నాను.

అంత ఇష్టమున్నా వాళ్ల తప్పులు నాకు తెలుసు. రైలు కూత వినిపించి ఇదేమిటని అడుగుతారు. అదీ ఒక ప్రశ్నేనా? ఇంకో వారం టైపు మిషను కొట్టి వినిపించారు. దాన్ని మా ఊళ్లో చూసినవాడెవడు? ఒకే చప్పుడు మూడుసార్లు వినిపించడం కూడా నాకు గిట్టదు. కుక్క ఒక్కసారి మొరిగితే అది ఎవరి కుక్కో తెలియాలి. మూడుసార్లు విన్నాక చెబితే గొప్పేముంది? ఆ మాట్లాడే ఆయన గొంతు మంచిదే గానీ, జవాబు చెప్పకముందే తానే నవ్వేస్తాడు.

అయివారికి ఈ పోటీ అంటే నాకంటే పిచ్చి. తాళం తీయగానే పైపంచె కొంగుతో రేడియో ముఖాన్ని చీమిడి బిడ్డ ముక్కు తుడిచినట్టు తుడిచేవారు. అరుగు మీద మగవాళ్లు, కింద గోడవారన ఆడవాళ్లం. చప్పుడు అయిపోగానే ఒక్కొక్కరం ఆయన దగ్గరికి వెళ్లి, పక్కవాళ్లకు వినపడకుండా జవాబు చెప్పాలి. అది ఆయన పెట్టిన కట్టుబాటు. మగవాళ్ల ముందుకు రాలేని వయసు కోడళ్ల జవాబులు నేనే మోసేదాన్ని. అన్నీ నోటు పుస్తకంలో రాసుకునేవారు. తెలియక తలవంచుకున్నవాళ్లతో, "తెల్దు అనేది గూడా జవాబే. చెప్పు, రాసుకుంటా" అనేవారు. ఆయన జవాబు మాత్రం ఎప్పుడూ తప్పే. "బడిగంట విని విని నా చెవులు మొద్దుబారినాయి అవ్వా" అని నవ్వేవారు.

ఒక బేస్తవారం సన్నగా గరగర వినిపించింది. రాయి మీద రాయి. నాకు వెంటనే తెలిసిపోయింది. వెళ్లి చెప్పాను.

"ఇసుర్రాయి అయివారూ. గింజ ల్యాకుండా తిప్పుతాండారు."

"కాదవ్వా. మా ఇంట్లో దినామూ వింటాండా గదా, ఇసుర్రాయి ఇట్ల మోగదు. ఇది బండ నునుపు చేసే చప్పుడు."

"మీ ఇంట్లో జొన్నలు ఉండాయి. అందుకే మీకు తెల్దు."

ఆయన కలం ఆగింది. "మరి నీకెట్ల తెలుసు?"

జనం వెళ్లిపోయాక చెప్పాను, ఆయనకొక్కరికే. విని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "కార్డు రాస్తా. ఏలిముద్ర ఎయ్యవ్వా" అన్నారు.

రెండు వారాల తర్వాత రేడియోలో మాట్లాడే ఆయన ఎప్పటిలాగే ముందు నవ్వి, తర్వాత చెప్పాడు. ఆ రోజు చేతికి గింజలు దొరక్క ఉత్త రాయే తిప్పారట. విసుర్రాయి అని కొందరు రాశారు గానీ, అందులో గింజ లేదని కనిపెట్టింది ఒక్కరేనట. నా పేరు, మా ఊరి పేరు చదివాడు. అరుగు మీది మగవాళ్లంతా నా వైపు తిరిగారు. అప్పుడు మునసబు గంగిరెడ్డి అన్నాడు:

"ఏమవ్వా, ఏలు నీది, బుర్ర అయివారిది గదా?"

"నీ ఏలూ నీదే, సంతకమూ నీదే. బుర్ర యాడ పెట్టి మర్చిపోయినావప్పా?"

అందరూ నవ్వారు. కానీ నా మాట నవ్వుతో పోయింది, అతని మాట ఊళ్లో నిలిచింది. తాను కాదని అయివారు ఎన్నిసార్లు చెప్పినా, "ఆయన శానా మంచోడులే, ముసల్దాని పరువు కాపాడతాండాడు" అన్నారు. ఎట్లా తెలిసిందో చెప్పు, నమ్ముతాం అన్నారు నన్ను. అదొక్కటే నేను చెప్పలేను. పుస్తకం తెచ్చి చూపిస్తానని అయివారు అంటే నేనే వద్దన్నాను. నేను చెప్పుకున్నదంతా అందులో రాసే ఉంటారని నా భయం. రాశారా అని అడగడానికి మొహం చెల్లలేదు. ఇంతలో ఆయన పోయారు.

పోయిన బేస్తవారం అయివారి భార్య, అయివారమ్మ, తాళంచెవి పంపింది. సుబ్బన్న రేడియో పెట్టె తీస్తే, కింద ఆ నోటు పుస్తకం ఉంది.

"చదువు సుబ్బన్నా. ఈ పొద్దు తేలిపోతాది" అన్నాడు గంగిరెడ్డి.

వద్దని అరవబోయాను. అంతలోనే సుబ్బన్న పేజీలు తిప్పి చదివాడు. "నా జవాబు: బండ నునుపు చేయడం. ఓబులమ్మ జవాబు: విసుర్రాయి, గింజ లేనిది. నేను కాదని వాదించాను. ఆమెకు ఎట్లా తెలుసో నేను అడగలేదు."

అడగలేదట! బడి పిల్లలు అబద్ధమాడితే గోడకుర్చీ వేయించే మనిషి, నాకోసం సిరాతో అబద్ధం రాసి పెట్టారు. గనిలో మోసిన బండను బండి మీదికి దించాక కూలివాళ్లు నడుము నిలబెట్టి ఊపిరి వదులుతారే, అట్లా వదిలాను.

"తప్పు నాదే అవ్వా" అన్నాడు గంగిరెడ్డి.

"అది నాకు ముందే తెలుసప్పా. ఊరికి తెల్లేదు, అంతే."

ఆయన దాచినదాన్ని ఇప్పుడు నేనే చెబుతున్నాను. చెప్పమని ఎవరూ అడగనప్పుడు చెప్పడం తేలిక. నా పెద్దకొడుకు చంటివాడుగా ఉన్నప్పుడు కరువు వచ్చింది. ఇంట్లో గింజ లేదు. తెల్లవారుజామున విసుర్రాయి మోగకపోతే ఆ ఇంట్లో పస్తని ఇరుగుపొరుగుకు తెలిసిపోతుంది. మా అత్త "తిప్పు" అంది. రోజూ ఉత్త రాయి తిప్పాను. తిప్పుతూ వింటే వీధిలో అన్ని ఇళ్లలోనూ రాళ్లు మోగుతుండేవి. వాటిలో గింజ ఉన్నవి ఎన్నో, లేనివి ఎన్నో నా చెవికి తెలిసేది. మీ అమ్మలూ అవ్వలూ తిప్పిన రాళ్లే అవి. ఇన్నేళ్లూ ఏ ఇంటి సంగతీ నేను బయటపెట్టలేదు. ఇప్పుడూ పెట్టను.

మొన్న అయివారి ఇంటి ముందు నుంచి వెళుతున్నాను. లోపల రాయి చప్పుడు. గింజ లేని రాయి. ఇంటికి పరుగున వచ్చి, కొంగులో జొన్నలు పోసుకుని తిరిగి వెళ్లాను.

"ఏమ్మా, ఒక మాట చెప్పకూడదా? మేం సచ్చినామా?" అని గడపలోనే అరిచాను.

అయివారమ్మ బిత్తరపోయి, తర్వాత నవ్వింది. ఆయన పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను. "గింజలు ఉండాయవ్వా! ఇన్నాళ్లూ ఊరికే పడి ఉండాది గదా, దుమ్ము పోనీ అని తిప్పుతాండా."

నాకూ నవ్వొచ్చింది. అయినా తెచ్చిన జొన్నలు వెనక్కి తీసుకుపోయే అలవాటు నాకు లేదు. ఎదురుగా కూర్చుని, ఇద్దరం ఒకే పిడి పట్టుకున్నాం. రాయి నోట్లో పిడికెడు గింజలు పోశాను. గరగర తగ్గి, బరువైన మెత్తటి చప్పుడు మొదలైంది. అంచుల చుట్టూ పిండి రాలుతూ ఉంది. పక్కన గూట్లో ఉన్న ఆయన కళ్లద్దాల మీద సన్నగా తెల్లటి పొర పడింది. లేచి తుడవాలని ఇద్దరికీ అనిపించలేదు.

సుబ్బన్న మొత్తం చదివి వినిపించాడు. ఒక్క మాటా మారలేదు. ఇది నా ఎడమ బొటనవేలి ముద్ర.

ఓబులమ్మ

చూసినవాళ్లు:
సుబ్బన్న, గ్రంథాలయం (రాసినవాడు)
గంగిరెడ్డి, మునసబు (వేలూ, బుర్రా రెండూ ఓబులమ్మవేనని ఒప్పుకుంటూ)