మోటార్ల షాపులో గిటారు

ఈ ఉదయం వంటింట్లో మైనం కరిగిస్తున్నాను. గిన్నెలో నీళ్లు, ఆ నీళ్లలో ఇంకో చిన్న గిన్నె, అందులో కొవ్వొత్తి ముక్కలు. పక్కన బల్ల మీద వరికుంటపాడు చర్చి వాళ్ల ఎలక్ట్రిక్ గిటారు విప్పి పెట్టి ఉంది. దాని పికప్ పాడైపోతే కొత్తది తెప్పించాను. పికప్ అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. అయస్కాంతానికి వెంట్రుక కన్నా సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టి, పైన లోహపు మూత వేసిన చిన్న పెట్టె. గిటారు తీగ ఎలా వణికితే ఇది అలా కరెంటు పుట్టించి స్పీకరుకు పంపుతుంది. మూత వేసిన ఆ పెట్టెను కాసేపు మైనంలో ముంచి తీయాలి. మైనం కరిగి వాసన ముక్కుకు తగలగానే నేను ఉదయగిరిలో లేను. ఆత్మకూరులో సుగుణక్క మోటారు వైండింగ్ షాపులో ఉన్నాను. వార్నిషు ఘాటు, బోరు మోటార్ల నుంచి కారే బురదనీటి వాసన, అల్లం టీ, వీటన్నిటి మధ్య నేల మీద చాప, చాప మీద సుగుణక్క.

ఆ షాపు బోర్డు మీద ఆమె పేరు ఉండేది కాదు, భర్త పేరు ఉండేది. ఆ మనిషికి ఒకచోట కూర్చుంటే కాళ్లు లాగేవి. అందుకని ఆయన ఆటో తోలుకుంటూ, పొలాల్లో కాలిపోయిన మోటార్లను తెచ్చి షాపులో దించేవాడు. పని నేర్చుకున్నది సుగుణక్క. కొడుకు చేతులు చూసి నిరాశపడిన మామగారు కోడలి చేతులు చూసి సంతోషించి, దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడట. కొత్తగా వచ్చిన రైతులు గడపలో నిలబడి లోపలికి తొంగిచూసి, "అన్న లేడా?" అని అడిగేవాళ్లు. ఆమె తల ఎత్తకుండానే జవాబిచ్చేది. "ఉండాడు. ఆటో తోలతా ఉండాడు. అన్నే గావాలంటే పోయి ఆటో ఎక్కు. మోటారు బాగవ్వాలంటే ఈడ దించు." ఆ రైతే రెండోసారి వచ్చినప్పుడు అన్న సంగతి ఎత్తేవాడు కాదు.

అప్పట్లో నేను ఆత్మకూరులో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుని. వారమంతా అక్కడ అద్దె గదిలో ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి ఉదయగిరి వచ్చేదాన్ని. ఆదివారం చర్చిలో గిటారు వాయించేది నేనే. నెల్లూరులో ఎవరో వాడి అమ్మేసిన ఎర్ర గిటారు అది. పాత పికప్ మూత తుప్పు పట్టి, లోపల అతుకులు ఊడి, వాయించినా వాయించకపోయినా స్పీకరులో ఒకటే రొద. కట్టేద్దామంటే మళ్లీ వేసినప్పుడల్లా టపాకాయ పేలినట్టు చప్పుడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఏసుదాసు తాత నన్ను పక్కకు పిలిచాడు.

"పాటప్పుడంటే సరే పాపా. వాక్యం చెప్పేటప్పుడు గూడా అది బుయ్యిమంటా ఉంటే దేవుని మాట ఎట్టా వినేది? మట్టల ఆదివారం దాకా చూస్తాం. ఆలోపల నోరు మూసిందా, సంతోషం. లేదంటే మనకు హార్మోనియం ఉండాది, చాలు."

మట్టల ఆదివారం అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఆదివారం, దానికి ఐదు వారాలుంది. తాత చెడ్డవాడు కాదు, ఆయన చెప్పింది అబద్ధమూ కాదు. కానీ మా చర్చిలో ఆడపిల్లలంతా పాడేవాళ్లే. వాద్యం పట్టుకుని ముందు కూర్చున్నది నేనొక్కదాన్నే. నేను దిగిపోతే నా వెనక ఇంకో ఆడపిల్ల ఆ కుర్చీ దాకా వస్తుందన్న నమ్మకం నాకు లేదు.

కొత్త పికప్, దానికి తళతళలాడే మూత, రెండూ వేరువేరుగా ఆన్‌లైన్లో తెప్పించాను. పికప్ మీద ఆరు చిన్న మేకుల్లాంటి స్క్రూలు వరసగా ఉంటాయి. మూతకున్న ఆరు రంధ్రాల్లోంచి అవి పైకి రావాలి. రాలేదు. ఆ చివరకూ ఈ చివరకూ కలిపి రెండు మిల్లీమీటర్ల తేడా. నాకు కోపం వచ్చి బలవంతంగా నొక్కాను. మూత వంగింది. వంగిన మూతను స్క్రూడ్రైవరుతో లేపబోతే అది జారి లోపల రాగి చుట్టలోకి దిగింది. ఒక్క గీత. పికప్ మూగబోయింది. సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు చూసి తల అడ్డంగా ఊపాడు. టీవీ మెకానిక్ మాత్రం, "సన్న తీగ పనంటే ఈ ఊర్లో సుగుణమ్మే" అన్నాడు.

మర్నాడు స్కూలు అయ్యాక వెళ్లాను. ఆమె కళ్లద్దాలు ముక్కు మీదికి దించి, ఆ పెట్టెను వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూసింది.

"ఎవరు తెగ్గొట్టినారు దీన్ని?"

"వచ్చేటప్పటికే అట్టుందక్కా."

ఆమె పికప్‌ను మళ్లీ నా చేతిలో పెట్టింది. "అయితే అమ్మినోడికే పంపించు. మంచిది ఇస్తాడు." వెంటనే ఒళ్లోని మోటారు పనిలో పడిపోయింది.

నేను గడప దాటి రోడ్డు మీదికి వచ్చాను. పది అడుగులు వేశాను. పిల్లలకు పాఠం చెప్పే మనిషినై ఉండీ ఒక మూతకోసం అబద్ధం ఆడానని సిగ్గేసింది. వెనక్కి వెళ్లి చెప్పాను, "నేనే అక్కా. స్క్రూడ్రైవరు జారింది."

ఆమె ముఖం విప్పారింది. "ఇప్పుడు చెప్పు, యా పక్క నించి జారింది? పై నించా, పక్క నించా? ఎంత లోపలికి పోయింది?" తిట్టడానికి కాదు, తీగ ఎక్కడిదాకా తెగి ఉంటుందో లెక్క వేసుకోవడానికి అడిగింది. ఎవరు చేశారు, ఎలా చేశారు అన్నది ఆమెకు తర్వాతి పనికి పనికొచ్చే సమాచారం, అంతే. ఆ రోజు నుంచి నా క్లాసులో గాజు బీకరు పగిలితే, "ఎలా పగిలిందో చెప్పు" అని అడగడం మొదలుపెట్టాను. పిల్లలు దాచడం మానేశారు.

చుట్ట పూర్తిగా తీసేసి మళ్లీ చుట్టాలని తేల్చింది. అంత సన్న తీగ ఆమె దగ్గర లేదు. నెల్లూరు నుంచి బస్సులో తెప్పించింది. ఫ్యాన్ల కాయిల్స్ చుట్టే చేతి మిషను ఒకటి ఉండేది. చుట్లు లెక్కపెట్టే అంకెల చక్రం దాని పక్కనే ఉంటుంది. నేను పిడి తిప్పాలి, ఆమె వేళ్ల మధ్య నుంచి తీగను వదలాలి. ఐదు వేల చుట్లు. మొదటి సాయంత్రం రెండు వేలు దాటాక తీగ పుటుక్కుమంది. "అయ్యో" అన్నాను.

"ఏంది అయ్యో? బర్రె చచ్చిందా? రెండు వేలు చుట్టడం వచ్చింది గదా. రేపు మూడు వేలు వస్తాది."

మర్నాడు నిజంగానే మూడు వేల దగ్గర తెగింది. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. "నా నోరు గూడా మంచిది కాదు పాపా. రేపు ఐదు వేలని చెప్తా." అప్పటిదాకా నన్ను టీచరమ్మా అనేది. ఆ సాయంత్రం నుంచి పాపా అయ్యాను. మూడోనాడు నన్ను తీగ దగ్గర కూర్చోబెట్టి తను పిడి పట్టుకుంది. నేను తీగను బిగించి పట్టుకున్నాను. "గట్టిగా పట్టుకోబాక. అట్టని వదిలేయబాక. అది పోతా ఉండాదని నీ వేళ్లకు తెలస్తా ఉంటే చాలు." అంకెల చక్రం ఐదు వేల మీద ఆగేసరికి ఇద్దరం ఒకేసారి గట్టిగా ఊపిరి వదిలాం. షాపు ముందు కూర్చున్న రైతు, "ఏంది, కాన్పు అయిందా?" అన్నాడు.

ఇక మూత కావాలి. బయటి కరెంటు రొద చుట్టలోకి దూరకుండా ఆపేది అదే. వంగిపోయినదాన్ని సాపు చేస్తే చీలిపోయింది. నేను బిస్కట్ల డబ్బా రేకు కత్తిరించి, ముచ్చటగా మడిచి ఒక మూత చేశాను. నా చిన్న స్పీకరు షాపుకు తెచ్చి వాయించి చూస్తే, దుప్పటి కప్పుకుని పాడుతున్న మనిషి గొంతులా వచ్చింది. సుగుణక్క గిటారు పాట ఎప్పుడూ దగ్గరగా విన్న మనిషి కాదు. అయినా ముఖం చిట్లించింది. ఒక అయస్కాంతం తీసుకొచ్చి ఆ రేకు దగ్గర పెట్టింది. టక్కున అంటుకుంది.

"చూసినావా? ఇనుము దొంగది. లోపలున్న అయస్కాంతం బలమంతా ఇదే తినేస్తా ఉండాది. అంటుకోనిది వెతకాల."

అప్పుడు మొదలైంది వేట. షాపు వెనకే వాళ్ల ఇల్లు. అయస్కాంతం చేత్తో పట్టుకుని ఇద్దరం వంటింట్లో గిన్నెలు, గ్లాసులు, మూతలు, తాళంచెవులు అన్నిటినీ పలకరించాం. స్టీలు గ్లాసుల్లో కొన్ని అంటుకున్నాయి, కొన్ని అంటుకోలేదు. ఆ తేడా చూసి ఆమె చిన్నపిల్లలా సంబరపడి, భర్తను పిలిచి మరీ చూపించింది. అంటుకోనివేమో మందంగా ఉన్నాయి. చివరికి బీరువాలోంచి ఒక జర్మన్ సిల్వర్ పళ్లెం తీసింది. ఎవరో పేరంటంలో ఇచ్చిన పసుపు కుంకుమ పళ్లెం. అంటుకోలేదు. పలచగా ఉంది. రేకు కత్తెర అందుకుంటుంటే ఆమె చేయి పట్టుకున్నాను.

"అక్కా, ఇది పసుపు కుంకుమల పళ్లెం. గిటారేమో చర్చిది."

"మీ దేవుడికేమన్నా అభ్యంతరమా? మా దేవుడు నన్నేమీ అడగలా," అంటూ కత్తిరించేసింది. "ఇన్నేళ్లూ బీరువాలో నిద్రపోయింది. ఇప్పుడన్నా గొంతు రానీ దీనికి."

మూత మడవడానికి అచ్చు కావాలంటే అది మా నాయన పని అన్నాను. ఉదయగిరిలో చాలామందిలాగే ఆయన కొయ్య గరిటెలు, స్పూన్లు చెక్కుతాడు. శనివారం ఇంటికి వెళ్లి కొలతలు చెప్పాను. "ఎంత తేడా పోవచ్చు?" అని అడిగాడు. "వెంట్రుకంత గూడా పోకూడదంది నాయనా, సుగుణక్క." ఆయన కొయ్య ముక్కను అరచేతిలో తూకం వేస్తున్నట్టు ఆడించి, "ఆమెకు పని తెలిసినట్టుండాదే" అన్నాడు. ముఖం చూడని మనిషి గురించి మా నాయన అలా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. ఆ అచ్చు మీద, కొయ్య సుత్తితో నెమ్మదిగా తట్టుకుంటూ, సుగుణక్క నాలుగు మూలలు మడిచి అతికించింది. ఆరు రంధ్రాలు ఆరు స్క్రూల మీద అంగీ బొత్తాల్లా కూర్చున్నాయి. మూత నుంచి పికప్ అడుగు రేకుకు ఒక తీగ అతికించగానే రొద పోయింది.

కానీ ఇంకో చిక్కు వచ్చింది. సౌండు పెంచితే మూత కీచుమని అరిచింది. మట్టల ఆదివారం ఇంకా మూడు రోజులే ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సుగుణక్క మూతను గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింది. "వదులుగా ఉండేది ఏదైనా అరస్తాది పాపా. మోటారు చుట్ట అరిస్తే వార్నిషు తాపిస్తాం. ఇది పసిబిడ్డ, వార్నిషు వద్దు. మైనం తాపిద్దాం." ఈ పద్ధతి గిటార్లు తయారుచేసే వాళ్లు ఎప్పటినుంచో వాడుతున్నారని నాకు చాలా కాలానికి తెలిసింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. టీ గిన్నెలో కొవ్వొత్తులు కరిగించి పికప్‌ను అందులో ముంచితే సన్నని బుడగలు వరసగా పైకి వచ్చాయి. బుడగలు ఆగేదాకా ఇద్దరం మోకాళ్ల మీద గడ్డాలు ఆనించుకుని చూస్తూ కూర్చున్నాం. ఆ తర్వాత అది అరవలేదు.

మట్టల ఆదివారం నాడు ఈత మట్టలు పట్టుకుని వీధులు తిరిగి చర్చికి వచ్చేసరికి, ఆడవాళ్ల వైపు చివరి వరసలో సుగుణక్క కూర్చుని ఉంది. మొదటి బస్సుకే వచ్చిందట. నాకు చెప్పలేదు. నేను గిటారు తగిలించుకుని, స్పీకరు వేసి, పాట కోసం ఎదురుచూస్తున్నాను. పాస్టరుగారు ప్రార్థన ముగించారు. చర్చి అంతా నిశ్శబ్దం. ఏసుదాసు తాత స్పీకరు వైపు చూశాడు, తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు, మళ్లీ స్పీకరు వైపు చూశాడు. ముందు వరసలోంచి అందరికీ వినపడేలా అడిగాడు.

"ఏం పాపా, దానికి కరెంటు పోయిందా ఏంది?"

నేను తీగలన్నీ ఒక్కసారి మీటాను. ఆ శబ్దం కిటికీల దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, ఒక క్షణం అందరి మీదా నిలబడింది. తాత అదిరిపడి, వెంటనే పగలబడి నవ్వాడు. చర్చి మొత్తం నవ్వింది. ఆ నవ్వుల్లోనే పాట మొదలైంది. హార్మోనియం మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు ఆ గిటారు మా చర్చిలోనే ఇంకో అమ్మాయి వాయిస్తోంది. నాకన్నా బాగా వాయిస్తుంది.

మధ్యాహ్నం మా ఇంట్లో భోజనాల దగ్గర సుగుణక్క, నాయన కలిసి అచ్చు గురించీ కొయ్య గురించీ మాట్లాడుకుంటుంటే నాకు సందు దొరకలేదు. బస్టాండుకు నడుస్తున్నప్పుడు అడిగాను, "పాట ఎట్టుండింది అక్కా?"

"పాటకేం, బాగుండాది. నాకు అయన్నీ తెలీవు." కాసేపు నడిచాక మళ్లీ అంది. "నువ్వు వాయించడం ఆపినాక, ఏమీ వినపళ్లా చూడు. అది మాత్రం మన పని."

ఇప్పుడు ఆమె చూపు తగ్గింది. సన్న తీగలు ముట్టుకోవడం మానేసింది, మోటార్లు మాత్రం వదల్లేదు. నేను ఉదయగిరిలోనే ఉద్యోగం చూసుకున్నాక, కొండాపురం నుంచీ వరికుంటపాడు నుంచీ చర్చిల వాళ్లు శనివారాలు నా దగ్గరికి బాగుచేయించుకోవడానికి గిటార్లు తెస్తున్నారు. పని ముగిశాక అందరూ, "ఒక పాట వాయించి చూపించు టీచరమ్మా" అంటారు. వాయిస్తాను. తర్వాత అరచేయి తీగల మీద ఆనించి, స్పీకరు కట్టేయకుండా అలాగే కూర్చుంటాను. వచ్చినవాళ్లు అర్థం కాక నా ముఖంలోకి చూస్తారు. వీధిలో మేకల మంద వెళ్తున్న చప్పుడు వినిపిస్తుంది, నాయన ఉలి చప్పుడు వినిపిస్తుంది, స్పీకరులోంచి ఏమీ వినిపించదు. అప్పుడు గిటారు వాళ్ల చేతికి ఇస్తాను.