పసుపు పోగు

అమ్మ చీరలు అమ్మేది. దుకాణమంటూ ఏమీ లేదు. బెజవాడ పటమటలో మా అద్దె ఇంటి ముందుగదిలో మంచం మీద తెల్ల దుప్పటి పరిచి, బీరువాలోంచి నేత చీరలు తీసి చూపించేది. వన్ టౌన్‌కి వెళ్తే చీరలు కుప్పలుగా దొరుకుతాయి. అయినా టీచరమ్మలు, బ్యాంకు ఉద్యోగినులు ఎండలో పడి మా ఇంటిదాకా వచ్చేవారు. ఎందుకో నాకు అప్పట్లో అర్థమయ్యేది కాదు. అమ్మకి బేరం చెయ్యడం రాదు, పొగడటం అంతకన్నా రాదు.

ఆమెకి ఒక పద్ధతి ఉండేది. చీర విప్పగానే అంచూ రంగూ చూపించేది కాదు. ముందు కొంగు చివర మూల తిప్పి, అక్కడ అడ్డంగా మెరిసే ఒక్క పసుపు పోగు చూపించేది. "ఇది మా వదిన గుర్తండీ. ఆవిడ నేసిన చీర ఇది" అని మొదలుపెట్టేది.

ఆ వదిన మాకు చుట్టం కాదు, అమ్మా ఆవిడా ఒకరినొకరు అలా పిలుచుకునేవారు. బందరు వైపు ఒక నేతగాళ్ల ఊళ్లో ఉండేది. భర్తకి చూపు మందగించాక మగ్గం మీద తనే కూర్చుంది. అయినా ఊళ్లో అందరికీ అది ఆయన మగ్గమే, చీరలు ఆయన నేసినవే. ఆవిడ నూలు కండెలు చుడుతుందని, ఆయనకి సాయం చేస్తుందని అనుకునేవారు. ఆయన్ని చిన్నబుచ్చడం ఇష్టంలేక ఆవిడ ఎవరి మాటా దిద్దలేదు. కాకపోతే తన చేతి మీదుగా దిగిన ప్రతి చీరకీ కొంగు చివర ఒక పసుపు పోగు వేసేది. దాని సంగతి అమ్మకి మాత్రమే చెప్పింది. చెప్పాలనిపించిన చోట చెప్పుకోమంది. అమ్మ బెజవాడ అంతా చెప్పింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నాకు ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఇంటి నుంచి వ్యాపారం చేసే అమ్మల కోసం వెబ్‌సైట్ తయారు చేసేవాళ్లం. కేకులు చేసేవాళ్లు, బ్లౌజులు కుట్టేవాళ్లు, ట్యూషన్లు చెప్పేవాళ్లు, ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. ఇంగ్లీషులో రాతకోతలన్నీ నావే. రెండు నెలల్లో కిటుకు పట్టేశాను. ఏ పేజీలోనైనా ఒక అమ్మ, ఆమె రెండు చేతులు, ఆ చేతుల్లోంచి పుట్టిన వస్తువు ఉండాలి. మధ్యలో ఇంకో మనిషి ఉండకూడదు, చదివేవాళ్ల మనసు చెదురుతుంది. ఇలా నేనే అందరికీ పాఠాలు చెప్పేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా తల నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

అమ్మ పేజీ కూడా నేనే రాశాను. ఇంటి పని ముగించుకుని మగ్గం మీద కూర్చునే తల్లి అని రాశాను. ప్రతి చీరకీ కొంగు చివర ఆమె తన గుర్తుగా ఒక పసుపు పోగు వేస్తుందని రాశాను. ఆఫీసులో అందరూ బాగుందన్నారు. నాకూ బాగుందనే అనిపించింది.

అమ్మకి ఇంగ్లీషు రాదు. ప్రింటు తీసి ఇంటికి తెస్తే, పొయ్యి దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, తెలుగులో చదివి వినిపించమంది. వినిపించాను. మగ్గం మాట వచ్చిన చోట, పసుపు పోగు మాట వచ్చిన చోట ఆగకుండా దాటేశాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేనిది అందుకే. అమ్మ అంతా విని, "వదిన సంగతి రాశావా?" అని అడిగింది. రాశానన్నాను. సంబరపడింది.

నాలుగైదు నెలలకి హైదరాబాదు నుంచి అక్కచెల్లెళ్లిద్దరు కారులో వచ్చారు. అప్పటికే పేజీ చూసి రెండు చీరలు తెప్పించుకున్నవాళ్లు. అమ్మ మంచం మీద దుప్పటి పరుస్తుంటే, చీరలు తర్వాత చూస్తాం, ముందు మగ్గం చూపించండి అన్నారు. మా ఇంట్లో మగ్గమేమిటని అమ్మ అయోమయంగా చూసింది. పెద్దావిడ బ్యాగులోంచి కాగితం తీసి, ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పింది. ఆవిడ ఏదీ దాటలేదు.

అమ్మ దుప్పటి మడిచి పక్కన పెట్టింది. వాళ్లతో, "మగ్గం మా ఇంట్లో లేదండీ. నేసే మనిషి దగ్గరికి తీసుకెళ్తాను, రండి" అంది. అందరం వాళ్ల కారులోనే బందరు రోడ్డు పట్టాం.  కంకిపాడు దాటాక కారు ఆపించి, నేను వెనక్కి వెళ్లిపోతానని చెబుదామనుకుంటుండగానే ఊరు వచ్చేసింది. 

మేం వెళ్లేసరికి ఆవిడ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది. మాకు చాప వేయించి, మజ్జిగ తెప్పించింది. అమ్మ విషయం ఎలా మొదలుపెట్టాలో తెలియక తడబడుతుంటే, హైదరాబాదు ఆవిడ నవ్వుతూ చెప్పేసింది, ఈ చీరలన్నీ ఈ పటమట ఆవిడే నేస్తుందని కంప్యూటర్లో రాశారని. వదిన పోగుని అటూ ఇటూ నడిపే నాడె పక్కన పెట్టింది.

"పసుపు పోగు గురించి కూడా రాశారాండీ?" అని అడిగింది.

రాశారు, అది ఈ పటమట ఆవిడ గుర్తేనట కదా అంది హైదరాబాదు ఆవిడ. వదిన మళ్లీ నాడె అందుకుంది. మేం ఉన్నంతసేపూ మర్యాదకి ఏ లోటూ చెయ్యలేదు. నా వైపు మాత్రం చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి వెళ్లి పేజీ మొత్తం మార్చేశాను. నేసేది ఎవరో, ఆ పోగు ఎవరిదో వివరంగా రాశాను. సాయంత్రం అమ్మకి ఒక్క ముక్క వదలకుండా చదివి వినిపించాను. ఆమె వింటూ మధ్యమధ్య కాగితం వైపు చూస్తూనే ఉంది. నేను చదివేది అందులో ఉందో లేదో ఆమెకి ఎలా తెలుస్తుంది?

తర్వాతి నెల చీరల మూట ఎప్పటిలాగే వచ్చింది. అమ్మ మొదటి చీర కొంగు మూల తిప్పి చూసింది. పోగు లేదు. రెండోదానికీ లేదు. "మర్చిపోయి ఉంటుందిలే" అంది. మూటలో ఉన్న ఏడు చీరలకీ లేదు.

ఆ ఆదివారమే బస్సెక్కాం. నేను ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని, తప్పంతా నాదేనని, అమ్మకి తెలియదని చెప్పాను. ఆవిడ నా తల నిమిరింది, అన్నం తిని వెళ్లమంది. అమ్మ మాత్రం పోగు విషయం వదల్లేదు. ఎప్పటిలా వెయ్యమని, రాసిందంతా మార్పించానని బతిమాలింది.

"మార్పించారులెండి వదినగారూ. చదివినవాళ్లు చదివేశారు కదా" అంది ఆవిడ. కోపంగా అనలేదు. "ఇప్పుడు వేస్తే అది మీ పోగే అనుకుంటారు."

 ఆ తర్వాత కూడా అమ్మ చాలా ఏళ్లు ఆవిడ చీరలే అమ్మింది. కొన్నవాళ్లంతా బాగున్నాయనే అన్నారు. కానీ మంచం మీద చీర విప్పగానే అమ్మ చెయ్యి అలవాటుగా కొంగు మూలకి పోయేది. తిప్పబోయి, ఆగి, చీర సర్దేది. ఆ పక్కనే కూర్చుని మడతలు పెట్టేదాన్ని నేను.