గీతకి లొంగని గేదె

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. వాళ్లు రాసిచ్చే అంకెల మీద అంతకంటే తక్కువ. పాల లెక్కలు చూసే ఉద్యోగానికి అదే నా అర్హత అనుకునేవాణ్ణి.

మా ఆఫీసు విజయవాడలో. పామర్రు చుట్టుపక్కల ఊళ్లలో ఒకమ్మాయి పదిహేను రోజులకోసారి గేదెల పాలు కొలిచి ఫోన్లో పంపేది. గేదె ఈనిన దగ్గర్నుంచి పాలు పెరుగుతూ పోయి, రెండో నెల దాటాక నిదానంగా తగ్గుతాయి. ఎంతతో మొదలైంది, ఎంత జోరుగా ఎక్కింది, ఎంత మెల్లగా దిగింది, ఈ మూడూ తెలిస్తే సమీకరణం గీత గీసేస్తుంది. నాలుగైదు కొలతలతోనే ఆ ఈతలో మొత్తం ఎన్ని పాలిస్తుందో చెప్పేయొచ్చు. బాగా ఇచ్చే గేదెల దున్నదూడల్ని మేమే కొని విత్తనానికి పెంచుతాం. మిగతా దున్నదూడల్ని ఎవరూ మేపరు. సంతకి పోతాయి, అక్కణ్ణుంచి కోతకి.

ఒక గేదె మాత్రం ఆ గీతకి లొంగలేదు. మొదటి కొలతలో పూటకి ఆరు లీటర్లు. మా జాబితాలో అదే ఎక్కువ. తర్వాత మూడుసార్లూ మూడే. ఎక్కాల్సిన రోజుల్లో సగానికి పడిపోయింది. జబ్బేమీ లేదని రాసింది అమ్మాయి. ఇంకేముంది, నాకు సంగతి అర్థమైపోయింది. దాని దున్నదూడని మేం కొనాలని ఆ అమ్మాయీ గేదెగలవాళ్లూ కూడబలుక్కుని మొదటిరోజు పెంచి రాశారు, తర్వాత భయపడి మానేశారు. జాబితాలోంచి గేదె పేరు కొట్టేశాను. అంతటితో ఊరుకోలేదు. ఆ అమ్మాయి ఇంకెన్ని ఇళ్లలో ఇలా రాసిందో పట్టుకుందామని, వారం తర్వాత చెప్పాపెట్టకుండా పొద్దున్నే బండేసుకుని ముందు ఆ గేదె ఉన్న ఇంటికే వెళ్లాను.

గేదెగలావిడ నడివయసు మనిషి. తవుడు తొట్టి పెట్టి, గేదె పాలు చేపాక నా ముందే పితికింది. మూడు లీటర్లే. దూడ కనపడలేదు. దాన్ని ఎక్కడో దాచారనుకున్నాను. రోడ్డు దాకా వచ్చాక హెల్మెట్ మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి వెళ్తే, ఆవిడ మళ్లీ గేదె దగ్గర కూర్చుని పితుకుతోంది.

దొరికారనుకున్నాను. సంతోషం కూడా వేసింది.

"ఇవెక్కడి పాలమ్మా?"

ఆవిడ కంగారు పడలేదు. "మొదటిరోజు ఆ అమ్మాయి ఆరు లీటర్లని నలుగురిలో గట్టిగా చదివేసిందండీ. ఆ సాయంత్రం గేదె మేత ముట్టలేదు. ఎర్రనీళ్లతో దిష్టి తీస్తేగానీ తేరుకోలేదు. అప్పట్నించీ మనిషి చూస్తుంటే రెండు చన్నులు వదిలేస్తున్నాను. వెళ్లాక తీసుకుంటాను."

"కొలిచేది మీ దూడ కోసమే కదమ్మా. తక్కువ చూపిస్తే ఎట్లా?"

"మొదటిరోజు అంకె మీ దగ్గరుందిగా అనుకున్నానండీ."

నేను నమ్మకుండా పక్కన పెట్టింది సరిగ్గా ఆ ఒక్క అంకెనే. నమ్మినవి మిగతా మూడూ.

"దూడేదమ్మా?"

"పేరు తీసేశారంటగా. మొన్న సంతకి తోలేశామండీ."

ఆవిడ రెండో గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. "ఇవీ రాసుకోండి."

కొలిచాను. మూడు లీటర్లకి పైనే ఉన్నాయి. రాద్దామని ఫోన్ తీశాను. పేరు కొట్టేశాక ఆ గేదెకి అందులో అంకె వేసే గడి లేదు.


ఆవిడ ఇంకా పక్కనే నిలబడి ఉంది, నేను రాస్తానని.