ద్రాక్షతోట పక్క వాలులో చండ్ర మొదలు

1986 వేసవిలో నన్ను గురజాల నుంచి మాచర్ల వైపు సర్వే పనికి పంపారు. అప్పుడు నేను అటవీ శాఖలో రేంజరుని. పట్టా భూముల్లోని నాటు చెట్లు గాలిలోంచి పీల్చి కట్టెలో దాచుకునే కార్బన్ ఎంతో అంచనా కట్టడం పని. ఎండిన కట్టె బరువులో ఇంచుమించు సగం అదే. ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నారు గానీ, ఆ రోజుల్లో మా ఆఫీసులోనే నవ్వారు.

కోటయ్య అనే రైతు ద్రాక్షతోటని ఆనుకుని ఉన్న రాళ్ల వాలుతో మొదలుపెట్టాం. ఆ వాలు కొట్టించి, తమ్ముడి కోసం అక్కడ ఇంకో తోట వేయాలని అతను అనుమతి కోసం మా శాఖలో అర్జీ పెట్టుకున్నాడు. ఒక్క తోట మీద రెండు కాపురాలు సాగవు మరి. నేను కంప అని రాస్తే అనుమతి వస్తుంది, చెట్లు అని రాస్తే ఆగిపోతుంది.

మా పద్ధతిలో రొమ్మెత్తున టేపు చుట్టి మాను లావు కొలవాలి. అక్కడ మానే లేదు. చండ్ర, బిల్లుడు, చిరుమాను అన్నీ మొదట్లోంచి గుత్తులుగా లేచిన సన్న కర్రలే. పల్నాడులో నాగలికీ దడికీ కర్ర, మేకలకి మండలు కొడతారు గానీ, మళ్లీ చిగురిస్తుందని మొదలు జోలికి పోరు.

"ఏంది సార్, ఈ కంపని కూడా కొలుస్తారా?" అన్నాడు కోటయ్య. మా గార్డు కూడా సున్నా వేసుకుని పోదామన్నాడు. నాకు ఒళ్లు మండింది. చూడకుండా సున్నా వేయడం మా ఇంటా వంటా లేదు.

కోటయ్యని ఒప్పించి ఒక చండ్ర మొదలు తవ్వించాను. గడ్డపార వంగింది గానీ అది ఓ పట్టాన కదల్లేదు. చివరికి పైకి లాగి కాటాకెత్తితే, పైనున్న కర్రలన్నిటి కంటే నేలలో ఉన్న మొద్దే ఎక్కువ తూగింది.

కోటయ్య దాని చుట్టూ తిరిగి చూశాడు. "మా తాత కొట్టాడు, నాయన కొట్టాడు, నేనూ కొట్టా. చానా మొండిది సార్." నా వైపు తిరిగి, "మీరు చెట్లనే రాస్తారు. మా తమ్ముడికి నేనేం చెప్పాలి?" అన్నాడు.

అతని ముఖం చూడలేకపోయాను. చెట్లనే రాశాను, అర్జీ ఆగిపోయింది. ఆ ఏడే కోటయ్య పాత తోటని నడిమికి విడదీసి సగం తమ్ముడికిచ్చాడు.

ఆ కొలత మీద నాకు ఇప్పటికీ అనుమానం లేదు. గాలి అందరిదీ, దాన్ని బాగుచేసే చెట్టు మాత్రం ఎవరో ఒకరి పొలంలో ఉంటుందని అక్కడ తెలుసుకున్నాను. ఆ తర్వాత ప్రతి రిపోర్టులో, చెట్టు ఉంచితే ఎవరికి సాగు తగ్గుతుందో కూడా ఒక వాక్యం రాశాను. అది అడగలేదని పై ఆఫీసర్లు కొట్టేసేవారు. నేను మళ్లీ రాసేవాణ్ణి.